ఎనిమిది దశలు, ఎనిమిది మంది, ఒక స్పైరల్ బైండింగ్

అందరికీ నమస్కారం. "మానవ వికాసం మీద పిల్లలు గ్రూప్ ప్రాజెక్ట్ చేయాలి సార్, ఎలా మొదలుపెట్టాలో ఒక గంట చెప్పండి" అని మీ మేడం నన్ను కావలికి పిలిచారు. మామూలుగా ఎలా మొదలవుతుందో నాకు బాగా తెలుసు. ఎరిక్సన్ అనే మనస్తత్వవేత్త మనిషి జీవితానికి ఎనిమిది దశలు చెప్పాడు, గ్రూపులో ఎనిమిది మంది ఉన్నారు. శైశవం నాది, కౌమారం నీది, ముసలితనం ఆరోజు క్లాసుకు రానివాడిది. ఐదు నిమిషాల్లో ప్లానింగ్ పూర్తి. మళ్లీ అందరూ కలిసేది ఆఖరి రాత్రి జిరాక్స్ షాపులోనే. నేను దిద్దిన ఒక ప్రాజెక్టులో, పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పిన పియాజే పేరు మూడు రకాలుగా ఉంది. పదకొండో పేజీలో ఉద్యోగంలో చేరిన మనిషి పన్నెండో పేజీలో పాలపళ్లు ఊడగొట్టుకున్నాడు.

పిల్లల్ని చాలాకాలం తిట్టుకున్నాను. తీరా చూస్తే, దశలు అలా పంచి ఇచ్చింది నేనే.

అందుకని మీరు దశల్ని పంచుకోవద్దు. ఒక్క ప్రశ్న పట్టుకోండి. "మనిషి కొత్త విషయం ఎలా నేర్చుకుంటాడు?" అనుకుందాం. దాన్ని చంటిబిడ్డ దగ్గర నుంచి అవ్వ దాకా మోసుకెళ్లండి. ఇద్దరిద్దరుగా వెళ్లండి. ఒక్కో జంట రెండు వయసులు చూడాలి, అవి పక్కపక్క వయసులు కాకూడదు. పొద్దున అంగన్‌వాడీలో కూర్చుని, సాయంత్రం రిటైరైన మనిషితో మాట్లాడినవాళ్లకి పోలికలు వాటంతటవే తడతాయి.

వెళ్లేముందు ఇంట్లో ఒకసారి చేసి చూసుకోండి. ఎందుకంటారా? నా విద్యార్థులు ఇద్దరు పియాజే నీళ్ల ప్రయోగం చేద్దామని ఒక ఇంటికి వెళ్లారు. రెండు ఒకేలాంటి గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి, ఒకదాంట్లోవి సన్నటి పొడుగు గ్లాసులోకి వంచి, "ఎందులో ఎక్కువున్నాయి?" అని అడగాలి. ఐదేళ్ల పాప గ్లాసుల చుట్టూ తిరిగింది, మునివేళ్ల మీద లేచి లోపలికి తొంగి చూసింది, "కనపళ్లా" అంది. వీళ్లు తీసుకెళ్లింది స్టీలు గ్లాసులు! పక్కింట్లో గాజు గ్లాసులు అడిగి తెచ్చి మళ్లీ చేస్తే, పొడుగుదాని మీద వేలు పెట్టి "దీంట్లో" అంది. తొమ్మిదేళ్ల అన్నకి ఒళ్లు మండింది. "అవే నీళ్లు కదే పోసింది!" పాప ఒప్పుకోలేదు. ఏడేళ్లకు అటూ ఇటూగా పిల్లల ఆలోచన మారుతుందని పుస్తకంలో ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యం ఆరోజు వీళ్ల ఎదుటే పోట్లాడుకుంది. స్టీలు గ్లాసుల సంగతి కూడా రిపోర్టులో రాయించాను.

ఇక పెద్దవాళ్లు. ఇరవై దాటితే ఎదుగుదల ఆగిపోతుందని మనలో చాలామందికి లోపల ఒక నమ్మకం. పాల్ బాల్టెస్ అనే జర్మన్ మనస్తత్వవేత్త దీన్నే కాదన్నాడు. ఏ వయసులోనైనా కొంత వస్తుంది, కొంత పోతుంది, మనిషి బతికిన కాలం కూడా అతన్ని మలుస్తుంది అన్నాడు. కలిగిరి వైపు ఒక అవ్వని వయసెంతని అడిగితే, "ఉప్పెన వచ్చిన సంవత్సరం నా పెళ్లి, లెక్కేసుకోండి" అంది. 1977 అన్నమాట. ముగ్గురు బిడ్డలు పుట్టాక రాత్రిబడికి వెళ్లి పేరు రాయడం నేర్చుకుంది. "ఆ తర్వాత యాడా వేలిముద్ర వెయ్యలా" అంది. 1990ల మొదట్లో మన నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచిన రోజులవి. దూబగుంట ఆడవాళ్ల సారా పోరాటం ఆ రాత్రిబడుల్లోంచే లేచింది, 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఈ అవ్వ నేర్చుకోవడాన్ని 'మధ్యవయసు లక్షణం' అని ఏ గడిలో వేస్తారు?

ఇక్కడే ఒక చిక్కుంది. ఇవాళ్టి డెబ్బై ఏళ్లవాళ్లనీ ఇరవై ఏళ్లవాళ్లనీ పక్కపక్కన పెట్టి, తేడా అంతా వయసు వల్లే అనేస్తాం. చదువు, తిండి, సెల్‌ఫోను కూడా వేరు కదా. ఒకే మనుషుల్ని ఏళ్ల తరబడి చూస్తే కొంత తేలుతుంది. హార్వర్డ్‌లో 1938లో అలాంటి అధ్యయనం మొదలుపెడితే దశాబ్దాలు నడిచింది. మీకున్నది ఆరు వారాలు. కాబట్టి రిపోర్టులో "వయసు వల్ల" అని రాసిన ప్రతిచోటా "లేక కాలం వల్లా?" అని పెన్సిల్‌తో రాసుకోండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. మొదటి వారం ప్రశ్న తేల్చుకోండి, మూడు వారాలు తిరగండి, రెండు వారాలు రాయండి. చిన్నపిల్లల దగ్గరికైతే తల్లిదండ్రులను అడక్కుండా వెళ్లొద్దు. ఎవరి పేరూ రాయొద్దు, ఫొటో అసలే వద్దు. రాసే చెయ్యి ఒక్కటే ఉండాలి, మిగతా ఏడుగురూ దిద్దాలి.

గాజు గ్లాసులు మూడు తెచ్చాను, మీ మేడం టేబుల్ మీదున్నాయి. ఒకటి ఇప్పటికే అంచు విరిగింది, చూసి పట్టుకోండి.