హైతీలో దారి ఎవరిదైతే ఊరు వాళ్లదే

తమ్ముడు: అక్కా, ఆ కరేబియన్ దేశం హైతీ వార్త ఏది చూసినా తుపాకులు పట్టుకున్న కుర్రాళ్లే. అసలు ఈ గ్యాంగులు బతికేది దేని మీద?

అక్క: దారుల మీద. రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్ నుంచి బయటికెళ్లే పెద్ద రోడ్లన్నీ వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. లారీ ఆపుతారు, డబ్బు కడితేనే వదులుతారు. ఆ భారం చివరికి బజార్లో శేరు బియ్యం కొనుక్కునే తల్లి మీదే పడుతుంది. 2022లో అయితే వారూ అనే పెద్ద ఆయిల్ టెర్మినల్‌నే దిగ్బంధం చేశారు. దారికి అడ్డంగా కందకాలు తవ్వి, కంటైనర్లు పెట్టేశారు.

తమ్ముడు: అంటే పెట్రోలు, డీజిలు అన్నీ బంద్!

అక్క: అక్కడ ఆస్పత్రులు నడిచేదే జనరేటర్ల మీద. డీజిల్ లేక వైద్యం ఆగింది, మంచినీళ్లకూ కటకటే. సరిగ్గా అప్పుడే, మూడేళ్లుగా ఒక్క కేసూ లేని కలరా మళ్లీ వచ్చింది.

తమ్ముడు: చేయించింది ఆ బార్బెక్యూనే కదా?

అక్క: అవును, బార్బెక్యూ అని పిలిచే గ్యాంగ్ నాయకుడు జిమ్మీ షెరిజియే. ఒకప్పుడు పోలీసు. అసలు ఈ ముఠాలకు పాలుపోసి పెంచింది నాయకులూ, కొందరు పెద్ద వ్యాపారులూ. ఓట్ల కోసం, ఎదుటివాళ్లను బెదిరించడం కోసం వాడుకున్నారు. హైతీలో తుపాకులు తయారుకావు. చాలావరకు అమెరికా నుంచి, ముఖ్యంగా ఫ్లోరిడా నుంచి దొంగచాటుగా వస్తాయి. నాకు కడుపు మండేది ఇక్కడే. బియ్యం లారీ కదలదు, తూటాల పెట్టె మాత్రం చేరిపోతుంది.

తమ్ముడు: ప్రభుత్వం ఏమైపోయింది మరి?

అక్క: 2016 తర్వాత ఎన్నికలే జరగలేదు. 2021 జులై 7న అధ్యక్షుడు జొవెనెల్ మోయిజ్‌ను ఇంట్లోనే చంపేశారు. 2024 మార్చిలో ప్రధాని ఏరియల్ ఆన్రీ కెన్యా పోలీసులను హైతీకి రప్పించే ఒప్పందం కోసం ఆ దేశం వెళ్లి ఉన్నారు. అదే అదనుగా గ్యాంగులు జైలు బద్దలుకొట్టాయి. 3,600 మందికి పైగా ఖైదీలు పారిపోయారు. ఎయిర్‌పోర్టు మూతపడింది. ప్రధాని సొంత దేశంలో దిగలేకపోయారు, చివరికి రాజీనామా చేశారు.

తమ్ముడు: మనవాళ్లను కూడా తీసుకొచ్చారు కదా అప్పుడు?

అక్క: 12 మందిని పక్క దేశం డొమినికన్ రిపబ్లిక్‌కు తరలించారు. దానికి ఆపరేషన్ ఇంద్రావతి అని మన గోదావరి ఉపనది పేరే పెట్టారు. హైతీ వాళ్లు మాత్రం ఎక్కడికి పోతారు? 2025 నాటికి 13 లక్షల మంది ఇళ్లు వదిలారు. ఎంతోమంది బడుల్లోనే తలదాచుకున్నారు. తరగతి గది కాపురమైతే ఇక పాఠాలెక్కడ? ముఠాల్లో సగం దాకా పిల్లలే ఉండొచ్చని యునిసెఫ్ అంచనా. ముందు వీధి చివర నిలబడి ఎవరొస్తున్నారో చూసి చెప్పమంటారు, అన్నం పెడతారు. తర్వాత తుపాకీ చేతికిస్తారు.