5-ఇన్-1 రిఫ్లెక్టర్ రివ్యూ: ఎర్రటెండలో పిల్లల ఫోటోలకి పనికొస్తుందా?

ముందు ఈ ఫోటో చూడండి. వీడు మా అక్క కొడుకు, ఆరేళ్ళు. సంక్రాంతికి మా డాబా మీద గాలిపటం పట్టుకుని నిలబడ్డాడు. కొత్త లాల్చీ, వెనకాల నీలం ఆకాశం, అంతా బాగుంది. మొహమే బాలేదు. కళ్ళు చికిలించేశాడు, కనుబొమ్మల కింద రెండు నల్లటి గుంటలు, ముక్కు నీడ పెదవి మీద పడి మీసంలా ఉంది. మా అక్క చూసి, "పది రోజులు జ్వరం పడి లేచినోడిలా ఉన్నాడేంట్రా నా కొడుకు?" అంది. ఆ మాట పట్టుకునే ఇది కొన్నాను.

నమస్తే అండీ. ఈ రోజు రివ్యూ 5-ఇన్-1 రిఫ్లెక్టర్ మీద. పెళ్ళిళ్ళలో ఫోటోగ్రాఫర్ పక్కన కుర్రాడి చేతిలో వెండి పళ్ళెంలా మెరుస్తూ, వెలుగుని మొహం మీదికి తిప్పికొడుతూ ఉంటుంది చూడండి, అదే. నాది 110 సెంటీమీటర్లది. నా డబ్బులతో కొన్నదే, ఎవరూ పంపలేదు. జిప్ ఉన్న ఈ కవర్‌ని తిరగేసి తొడుక్కుంటూ పోతే వెండి, బంగారం, తెలుపు, నలుపు వస్తాయి. కవర్ మొత్తం తీసేస్తే లోపల ఇదిగో, చెయ్యి అవతల పెడితే లీలగా కనిపించేంత పల్చటి తెల్లగుడ్డ. ఐదోది ఇదే.

అసలు ఎండలో మొహం ఎందుకు పాడవుతుందంటే, సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కాబట్టి. చిన్న కొండగుర్తు చెప్తాను. నేల మీద మీ నీడ మీకంటే పొట్టిగా ఉందంటే సూర్యుడు 45 డిగ్రీల కంటే పైన ఉన్నట్టే. ఇక కళ్ళలో గుంటలు పడతాయి. హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మిట్టమధ్యాహ్నం నిటారుగా నిలబెట్టిన కర్రకి నీడే ఉండదు. సరే, అది ఎండాకాలం సంగతి అనుకోకండి. సంక్రాంతినాటి మధ్యాహ్నం కూడా సూర్యుడు 51 డిగ్రీల ఎత్తులో ఉంటాడు.

మొదట వెండి వైపు. అందరూ ముందు వాడేది ఇదే, పిల్లల దగ్గర అస్సలు వాడకూడనిదీ ఇదే. మావాడిని ఎండకి వీపు పెట్టి నిలబెట్టి, మా బావ చేత ఎదురుగా పట్టించాను. పట్టగానే వాడు, "మావయ్యా, కళ్ళలో సూర్యుడు పడ్డాడు!" అని ఒకటే పరుగు. తప్పు వాడిది కాదు. అద్దంతో ఎండ కొట్టినట్టే ఉంటుంది. పెద్దవాళ్ళు ఓర్చుకుంటారేమో, ఆరేళ్ళవాడు ఎందుకు ఓర్చుకుంటాడు? పైగా కింద నుంచి పట్టారంటే చీకట్లో గడ్డం కింద టార్చ్ పెట్టి దెయ్యం ఆట ఆడినట్టు వస్తుంది మొహం. బంగారం వైపు పెడితే పసుపు రాసి స్నానం చేయించడం మర్చిపోయినట్టు వచ్చింది. నలుపు సంగతి వదిలేయండి, ఈ పనికి దాని అవసరమే లేదు. తెలుపు పర్లేదు. పిల్లవాడి వెనక ఎండ, ముందు ఛాతీ ఎత్తులో తెలుపు, ఐదారు అడుగుల దూరం. మొహం కొంచెం తేరుకుంటుంది, కళ్ళూ మండవు.

ఇప్పుడు లోపలి గుడ్డ. దీన్ని మొహం మీదికి ఎండ వచ్చే దారిలో, తలకి రెండడుగుల పైన గొడుగులా పట్టాలి. ఈ రెండు ఫోటోలూ పక్కపక్కన చూడండి. గుడ్డ లేనప్పుడు ఐ.ఎస్.ఓ. (వెలుగుకి కెమెరా సున్నితత్వం) 100, ఎఫ్/4 (లెన్స్ తెరుచుకున్న కొలత) దగ్గర షట్టర్, అంటే వెలుగుని లోపలికి రానిచ్చే సమయం, సెకనులో 1/2000 వంతు. గుడ్డ అడ్డం పెట్టాక 1/800కి వచ్చింది. అంటే వెలుగు సగానికి పైగా తగ్గింది. ముక్కు కింద మీసం పోయింది, కళ్ళు తెరుచుకున్నాయి, చెంప మీద నీడ అంచు మెత్తబడింది. అక్కకి చూపిస్తే, "ఇప్పుడు నా కొడుకులా ఉన్నాడు" అంది.

కానీ ఇక్కడో చిక్కు ఉంది, దీన్ని అమ్మేవాళ్ళు చెప్పరు. మొహం మీదే వెలుగు తగ్గింది, వెనకాల గోడ మీద తగ్గలేదు కదా! కెమెరా మొహానికి సర్దుకునేసరికి గోడ సున్నం పూసినట్టు తెల్లగా మాడిపోయింది. కాబట్టి వెనకాల నీడలో ఉన్నదేదైనా వెతుక్కోవాలి. మేము పక్కింటి మామిడిచెట్టు వైపు తిప్పాం, బాగా కుదిరింది. రెండో చిక్కు, ఈ 110 సెంటీమీటర్ల నీడలో తలా భుజాలూ పడతాయి, అంతే. నిలువెత్తు ఫోటో కుదరదు.

మూడోది గాలి. గట్టిగా ఒక విసురు వచ్చింది. మా బావ చేతిలోంచి లేచి పిట్టగోడ దాటి పక్కింటి వాటర్ ట్యాంక్ మీద వాలింది. ఆ ఇంటి పెద్దాయన పైకొచ్చి, "ఏం బాబూ, పండగైపోయినా గాలిపటాలు ఆపలేదా?" అన్నారు. దీన్ని పట్టుకోవడానికి మనిషి ఉండాల్సిందే.

అది తెచ్చుకునేలోపు మా కోడలు పిల్ల, నాలుగేళ్ళది, మెట్ల గది నీడలో కూర్చుని ముగ్గు పిండితో ఆడుకుంటోంది. ఊరికే ఒక క్లిక్ కొట్టాను. చూడండి, ఈ రోజు మొత్తంలో ఇదే మంచి ఫోటో. రిఫ్లెక్టర్ లేదు, ఏమీ లేదు. ఎందుకొచ్చిందంటే, ఎండాకాలం వేడి తగ్గడానికి డాబాకి తెల్ల పెయింట్ వేయించాం. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చిన దగ్గర్నుంచి మా వీధిలో చాలా డాబాలు తెల్లబడ్డాయి. పిల్ల ఉన్నది నీడలో, ఎదురుగా ఎండలో తెల్లటి నేల. ఆ నేలంతా కలిపి ఒక పెద్ద రిఫ్లెక్టర్. కళ్ళలో ఆ మెరుపు చుక్కలు చూడండి. అదే పచ్చగడ్డి మీద అయితే గడ్డం కింద ఆకుపచ్చ ఛాయ, ఎర్రగచ్చు మీద అయితే ఎరుపు వస్తుంది. చెట్టు నీడ కూడా చూసుకుని ఎంచుకోండి. ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు పడితే మొహం చిరుతపులిలా ఉంటుంది.

నీడలో ఆడుకునే పిల్లలకి షట్టర్ వేగం 1/500 కంటే తగ్గించకండి, కావాలంటే ఐ.ఎస్.ఓ. పెంచండి. ఫోన్ అయితే తెర మీద మొహం ఉన్న చోట నొక్కి వెలుగు కొంచెం సర్దుకుంటే చాలు. ఎండలో కళ్ళు తెరవకపోతే, "కళ్ళు మూసుకో, మూడు అనగానే తెరువు" అనండి. తెరిచిన ఆ ఒక్క క్షణమే మీది. మావాడు రెండు దగ్గరే తెరిచేస్తాడు, అది వేరే సంగతి.

సరే, కొనాలా వద్దా? సాయానికి మనిషి ఉండి, దగ్గర నుంచి మొహాలు ఎక్కువగా తీసేవాళ్ళయితే కొనండి, ఆ లోపలి గుడ్డ కోసం. లేదంటే, ఇదిగో. తీగ మీద ఆరేసిన మా నాన్న తెల్ల పంచె. ఒక కొస తీగకే ఉంచి, రెండో కొస పిట్టగోడకి కట్టాను, చలువ పందిరిలా. పంచె ఒక్క పొరే ఉండాలి, రంగు అంచు మొహం మీదికి రాకూడదు. ఇద్దరు పిల్లలూ కింద హాయిగా పట్టారు, నిలువెత్తు ఫోటో కూడా వచ్చింది.

ఈ రిఫ్లెక్టర్‌ని ఎనిమిది అంకెలా మెలితిప్పి సంచిలో పెట్టడం చూపిస్తానని మొదట్లో అనుకున్నాను. ఇటు తిప్పితే... కాదు, అటు... ఆగండి, మళ్ళీ విచ్చుకుంది. కింద నుంచి నాన్న పిలుస్తున్నారు, పంచె కావాలట. ఉంటానండీ.