సిరలో వాల్వ్: పంది పొర, స్టీలు చట్రం, నెమ్మది రక్తం

సోనాలజిస్ట్: నమస్తే. ఇవాళ రక్తం వెనక్కి జారకుండా కాలి సిరల్లో పెట్టే కృత్రిమ వాల్వ్‌ల సంగతి. డాప్లర్, అంటే రక్తప్రవాహం చూసే స్కాన్ ప్రశ్నలు నావి, కత్తి ప్రశ్నలు సార్‌వి. ముందు ఒక మాట తేల్చేద్దాం సార్. ఓపీకి వచ్చేవాళ్లంతా "కాలి నరాలు ఉబ్బాయి" అంటారు.

సర్జన్: అననివ్వండి మేడమ్. మన వాడుకలో సిరా నరమే, నెర్వూ నరమే. కాకపోతే నరాల డాక్టర్ అని వేరేచోటికి వెళ్లి నెలల తరబడి బిళ్లలు మింగొస్తారు, అదీ బాధ. దానికంటే ముఖ్యమైన తేడా ఇంకోటుంది. పైకి మెలికలు తిరిగి కనిపించేవి చర్మం కింది సిరలు. వాటికి కొత్త వాల్వ్ అక్కర్లేదు. లేజర్‌తోనో గ్లూతోనో మూసేస్తే రక్తం లోపలి దారి పట్టుకుంటుంది. ఇవాళ్టి గొడవ ఆ లోపలి దారిది, తొడ కండల మధ్య నడిచే ఫెమొరల్ వెయిన్‌ది. దాన్ని మూసేయలేం కదా, కాలి రక్తంలో ఎక్కువ భాగం పైకెళ్లేది దానిలోంచే.

సోనాలజిస్ట్: మంచి వాల్వ్ స్కాన్‌లో ఎలా ఉంటుందో చెప్తాను. రెండు పల్చటి రెక్కలు, తెల్లటి వెంట్రుకల్లా ఊగుతుంటాయి. రెక్క వెనకాల చిన్న జేబు. అందులో రక్తం నెమ్మదిగా సుడి తిరుగుతూ పొగలా కనిపిస్తుంది. పాడైన కాలిలో ఆ రెక్కలు మందంగా, గోడకి అతుక్కుపోయి ఉంటాయి, లేదా అసలు కనిపించవు.

సర్జన్: ఆ సుడే జేబుని కడుగుతుంది. కృత్రిమ వాల్వ్ చేసేవాళ్లకి అది కుదరక ఎన్ని తంటాలో. సరే, అంకెలు చూద్దాం. కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరలో ఒత్తిడి బీపీ కొలిచే లెక్కలోనే 80-90 ఎంఎం ఉంటుంది. పది అడుగులు వేస్తే పిక్క కండ రక్తాన్ని పైకి పిండుతుంది, వాల్వ్‌లు కిందికి రానివ్వవు, ఒత్తిడి 30 లోపుకి పడుతుంది. వాల్వ్ లేకపోతే పిండింది పిండినట్టే వెనక్కొస్తుంది. నడిచినా ఒత్తిడి దిగదు. ఏళ్లు గడిచేసరికి చీలమండ పైన చర్మం నల్లబడి, చెక్కలా గట్టిపడి, పుండు పడుతుంది.

సోనాలజిస్ట్: దీనికి సర్జన్లు ముందు నుంచీ ఏం చేస్తున్నారు?

సర్జన్: అమెరికాలోని హోనలూలూలో రాబర్ట్ కిస్ట్నర్ అనే సర్జన్ 1968లో సిరని తెరిచి, వదులైన రెక్కల అంచుల్ని సన్నటి దారంతో బిగించాడు. రెక్క ఉన్నవాళ్లకి అది పనికొస్తుంది. సిరలో గడ్డ కట్టి, అంటే డీవీటీ వచ్చి, రెక్క నాశనమైతే బిగించడానికి ఏముంటుంది? అప్పుడు చంకలోని సిర ముక్కని వాల్వ్‌తో సహా కోసి కాలికి కుట్టారు. అది కాలి ఒత్తిడికి సాగిపోయి, కొన్నాళ్లకి అదీ లీకవుతుంది. ఇటలీలో ఆస్కార్ మలేటీ మందమైన సిర గోడనే చీల్చి రెక్కలా మలిచాడు. ఇవన్నీ చెయ్యి తిరిగినవాళ్లు చేసే పనులు, ఊరూరా అయ్యేవి కావు. అందుకే డబ్బాలోంచి తీసి పెట్టేసే వాల్వ్ కోసం అంత ఆరాటం.

సోనాలజిస్ట్: గుండెకి పంది వాల్వ్, ఆవు పొర వాల్వ్ ఎప్పటినుంచో పెడుతున్నారుగా. కాలికి ఎందుకు కుదరలేదు?

సర్జన్: గుండెలో రక్తం జోరుగా వస్తుంది, రెక్కని తోసి తెరుస్తుంది, కడుగుతుంది. కాలిలో నాలుగైదు ఎంఎం ఒత్తిడి తేడాకే వాల్వ్ తెరుచుకోవాలి, అంతే చిన్న తేడాకి మూసుకోవాలి. అదే వాల్వ్ దగ్గినప్పుడు పైనించి పడే బరువంతా ఆపాలి. పైగా సిర సైజు నిలకడగా ఉండదు. పడుకుంటే చదునుగా నలుగుతుంది, లేస్తే గుండ్రంగా ఉబ్బుతుంది. చట్రం సైజు చిన్నదైతే జారుతుంది లేదా పక్కనుంచి లీకవుతుంది. పెద్దదైతే గోడ సాగి రెక్కలు ఒకదానికొకటి అందవు.

ఒరెగాన్‌లో దుషాన్ పావ్‌చ్నిక్ బృందం చతురస్రాకారపు తీగ చట్రం మీద పంది చిన్నపేగు లోపొర రెక్కలు బిగించి కేథెటర్ ద్వారా, అంటే సిరలోకి దూర్చే సన్నటి గొట్టంతో పెట్టింది. ఆలోచన అందంగా ఉంది, కానీ కొన్ని పక్కకి ఒరిగాయి. ఒరిగిందంటే ఒక జేబు లోతవుతుంది, రక్తం నిలుస్తుంది, రెక్క మందమవుతుంది, కదలడం మానేస్తుంది. నా లెక్కలో ఈ రంగంలో సగం వైఫల్యాలకి మూలం ఈ ఒరగడమే.

సోనాలజిస్ట్: ఇప్పుడు అందరూ అడిగేది వీనోవాల్వ్ గురించి.

సర్జన్: కాలిఫోర్నియాలోని ఇర్వైన్ కంపెనీది. ఇప్పుడు పేరు ఎన్‌వీనో మెడికల్, 2021 వరకు హాన్‌కాక్ జాఫే లాబొరేటరీస్. పంది మహాధమని వాల్వ్ నుంచి ఒకే ఒక రెక్క, స్టెయిన్‌లెస్ స్టీలు చట్రం మీద బిగిస్తారు. రెండు రెక్కలు కలిసే తలనొప్పి ఉండదు, ఒక్క రెక్క ఎదుటి గోడకి ఆనితే చాలు. ఇది కేథెటర్‌తో కాదు, ఆపరేషన్‌తో పెట్టేది. తొడ పైభాగంలో ఐదారు అంగుళాల కోత, సిర పైనా కిందా క్లాంపులు, గోడ తెరిచి లోపల కూర్చోబెట్టి కుట్టేయడం.

సోనాలజిస్ట్: తర్వాత?

సర్జన్: రక్తం పల్చబరిచే మందు తప్పదు. మానేస్తే గడ్డ రెక్క మీదే కడుతుంది. కోత వల్ల వచ్చే బాధలు వేరు: రక్తం గూడు కట్టడం, లింఫు కారడం, ఇన్ఫెక్షన్. మందు పల్చబరుస్తుంటే గూడు కట్టడం ఇంకా ఎక్కువ. ఒక వైపు లాగితే ఇంకో వైపు ఊడే వ్యవహారం.

సోనాలజిస్ట్: ఫలితాలు?

సర్జన్: మొదటిసారి మనుషులకి కొలంబియాలోని బొగొటాలో, 2019లో మొదలుపెట్టి 11 మందికి పెట్టారు. తర్వాత అమెరికాలో SAVVE అనే ట్రయల్, 75 మంది. లోపలి సిరలో లీకు ఒక సెకను దాటి, చర్మం గట్టిపడినవాళ్లు, పుండు ఉన్నవాళ్లు. ఏడాదికి 85 శాతం మందికి వీసీఎస్ఎస్ స్కోరు కనీసం 3 పాయింట్లు తగ్గింది.

సోనాలజిస్ట్: ఆ స్కోరు ఏమిటో చెప్పాలి. నొప్పి, వాపు, నల్లబడటం, గట్టిపడటం, పుండ్లు ఎన్ని, ఎంత సైజు, ఎన్నాళ్లుగా, కాలిని అదిమిపట్టే బిగుతు సాక్స్ వాడకం... ఇలా పది అంశాలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 30.

సర్జన్: కిటుకు అక్కడే ఉంది. పోల్చడానికి వాల్వ్ పెట్టని గుంపు లేదు. ట్రయల్లో చేరినవాడికి నర్సు ఫోన్ చేస్తుంది, కట్టు సరిగా కడతారు, సాక్స్ వేసుకున్నావా అని అడుగుతారు. దాంతోనే స్కోరు కొంత దిగుతుంది. 2024 నవంబర్‌లో అనుమతికి దరఖాస్తు పెట్టారు, 2025 ఆగస్టులో అమెరికా మందుల, పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇప్పుడున్న రూపంలో ఆమోదించలేమంది. రోగికి మేలు కనబడింది, కానీ ఆ మేలు వాల్వ్ పని చేసినందుకే వచ్చిందని చెప్పే రక్తప్రవాహ కొలత లేదని వాళ్ల వాదన. ఆపరేషన్ తర్వాత మళ్లీ ఆస్పత్రిలో చేరాల్సి రావడాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు. నిరాశే, కానీ ఆ ప్రశ్న న్యాయమైనదనే నా అభిప్రాయం.

సోనాలజిస్ట్: కొలత మాటొచ్చింది కాబట్టి నేను అందుకుంటాను. లీకు చూడాలంటే మనిషి నిలబడాలి. బరువు రెండో కాలి మీద, చూసే కాలు మోకాలు కొంచెం వంచి, బయటికి తిప్పి. కాలికి కఫ్ కట్టి గాలి నింపి టక్కున వదలాలి. తొడకి 80, పిక్కకి 100, పాదానికి 120 ఎంఎం. వదిలాక రక్తం ఎన్ని సెకన్లు వెనక్కొచ్చిందో లెక్క. తొడలో, మోకాలి వెనక ఒక సెకను దాటితే లీకు, చర్మం కింది సిరల్లో అర సెకను. కఫ్ లేకపోతే చేత్తో పిక్క పిండి వదలొచ్చు, ప్రతిసారీ ఒకే బలం మాత్రం రాదు. పడుకోబెట్టి చేసి "రిఫ్లక్స్ లేదు" అని రాసిన రిపోర్టుని నేను నమ్మను.

సర్జన్: దానికి నేనొకటి కలుపుతాను. వాల్వ్ ముందు పైదారి చూడాలి. కటి భాగంలో ఎడమ ఇలియాక్ సిరని కుడి ధమని అదిమేయడం మామూలే, పాత డీవీటీ మచ్చలూ ఉండొచ్చు. సగానికి పైగా ఇరుకైతే అక్కడ స్టెంట్ ముందు. డ్రైనేజీ పైపు చివర మూసుకుపోయి ఉంటే మధ్యలో వాల్వ్ మార్చి ఏం లాభం? కింద నుంచి వచ్చే రక్తం తక్కువైనా అంతే, వాల్వ్ దగ్గర ప్రవాహం నెమ్మదిస్తే గడ్డ కడుతుంది.

సోనాలజిస్ట్: ముందుముందు?

సర్జన్: అదే కంపెనీ కేథెటర్‌తో పెట్టే ఎన్‌వీ అనేదాని మీద పని చేస్తోంది. బ్లూలీఫ్ అనే ఇంకో పద్ధతిలో బయటి వస్తువే ఉండదు, సిర లోపలినుంచే సూదితో గోడ పొరని లేపి రెక్కలా చేస్తారు. కోత తప్పితే ఎఫ్‌డీఏ చెప్పిన సగం బాధ తప్పుతుంది. గడ్డ బాధ మాత్రం అలాగే ఉంటుంది.

సోనాలజిస్ట్: అంతదాకా పుండుతో ఉన్నవాళ్లు?

సర్జన్: 30-40 ఎంఎం ఒత్తిడి పెట్టే బిగుతు సాక్స్. మే నెలలో విజయవాడలో అది వేసుకోమంటే తిడతారని తెలుసు. పొద్దున మంచం దిగకముందే వేసుకోవాలి, కాలు కింద పెట్టి వాపు వచ్చాక అది ఎక్కదు. రబ్బరు గ్లోవ్స్ వేసుకుని లాగితే జారదు, చినగదు. పుండు తెరిచి ఉంటే నర్సుతో పొరల కట్టు.

సోనాలజిస్ట్: అంతకుముందు ధమని పరీక్ష.

సర్జన్: అవును, చీలమండ బీపీని చేతి బీపీతో భాగించి చూడాలి. నిష్పత్తి 0.6 కంటే తక్కువుంటే గట్టి కట్టు కట్టొద్దు, కాలి వేళ్లకి రక్తం ఆగిపోతుంది. షుగర్ ఉన్నవాళ్లలో ధమని గట్టిపడి ఈ లెక్క తప్పుడుగా ఎక్కువ చూపిస్తుంది. వాళ్లకి బొటనవేలి దగ్గర బీపీ కొలిచాకే కట్టు.