ఆక్స్ హోల్ లేని స్పీకర్ మీది కాదు, వాళ్లది!

నమస్తే అండీ. సోది లేకుండా విషయానికొస్తా. మీ ఇంట్లో స్మార్ట్ స్పీకర్ ఉంటే లేచి వెళ్లి దాన్ని ఒకసారి వెనక్కి తిప్పండి. వీడియో పాజ్ చేసుకోండి, ఏం ఫర్వాలేదు. ఆక్స్ పిన్ను దూరే చిల్లు ఉందా? అదేనండీ, పాత ఇయర్‌ఫోన్లు గుచ్చేవాళ్లం చూడండి, 3.5 ఎంఎం హోల్. ఉంటే మీరు స్పీకర్ కొన్నట్టు. లేకపోతే కొనలేదు. డబ్బంతా ముందే కట్టేసి మరీ అద్దెకు తెచ్చుకున్నారు. ఓనరుకి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు ఖాళీ చేయాల్సిందే.

పోయిన వీడియోలో ఈ మాటే అన్నానని కామెంట్లలో నన్ను ఉతికి ఆరేశారు. "అన్నా, నువ్వింకా క్యాసెట్ల దగ్గరే ఆగిపోయావ్" అని ఒకాయన. "బెజవాడ ఎండకి బుర్ర కరిగిపోయింది" అని ఇంకొకాయన. సరే, కరిగింది. మరి స్పీకర్ల కంపెనీ బోస్ గొడవ ఏమైంది? ఫాలో అయినవాళ్లకి తెలుసు, కానివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తా. 2013లో బోస్ వాళ్లు సౌండ్‌టచ్ అని వైఫై స్పీకర్లు దించారు. చవక సరుకేం కాదు. 2025 అక్టోబరులో తాపీగా ప్రకటించారు, 2026 ఫిబ్రవరి 18 తర్వాత వీటికి క్లౌడ్ సపోర్ట్, అంటే కంపెనీ సర్వర్ల సాయం, ఉండదని. యాప్‌లోంచి పాటల సర్వీసులు రావు, సెక్యూరిటీ అప్‌డేట్లు రావు.

స్పీకర్‌లో ఏం పాడైందండీ? కోన్ చిరిగిందా? కాయిల్ కాలిందా? ఏదీ లేదు. సౌండ్ నిక్షేపంలా ఉంది. ఎక్కడో సర్వర్ నడపడం వాళ్లకి ఇష్టం లేదు, అంతే. జనం గోల పెట్టాక గడువు కాస్త పొడిగించారు, కొంత సర్దుబాటు చేశారు. అది పక్కన పెట్టండి. ఆ ప్రకటనలోనే ఒక మాట ఉంది, అది చదివి నేను ఒక్కడినే కూర్చుని విజిల్ వేశాను. ఆక్స్ వైరుతో గానీ బ్లూటూత్‌తో గానీ కలుపుకుంటే స్పీకర్ పని చేస్తూనే ఉంటుందట! విన్నారా? మేం చేతులెత్తేసినా మీ చిల్లు మీకుంటుందని కంపెనీయే ఒప్పుకుంది. నేనన్నది ఇదేగా?

ఇదొక్కటే అయితే పోనీ అనుకుందాం. 2025 మార్చిలో ఏం జరిగింది? గూగుల్ క్రోమ్‌కాస్ట్ రెండో జనరేషన్, క్రోమ్‌కాస్ట్ ఆడియో, ఈ రెండూ ఒక్కసారిగా కాస్టింగ్ మానేశాయి, అంటే ఫోన్లో నొక్కిన పాట, వీడియో వైఫై మీద స్పీకర్‌కి, టీవీకి తెచ్చే పని. ప్రపంచం మొత్తం మీద. ఫోన్లో ఏమని వచ్చింది? ఇది నమ్మదగిన డివైస్ కాదు అని! ఏళ్ల తరబడి మన ఇంట్లో పాడిన డబ్బా, మన డబ్బుతో కొన్న డబ్బా, రాత్రికి రాత్రి పరాయిది అయిపోయింది. కారణం ఏంటంటే లోపల ఉండే ఒక డిజిటల్ సర్టిఫికెట్‌కి, అంటే ఈ డబ్బా అసలుదే అని చూపించే గుర్తింపు కార్డు లాంటిదానికి, గడువు తేదీ దాటిపోయింది. రెన్యూ చేయడం ఎవరో మర్చిపోయారు. లైసెన్సు రెన్యువల్ మర్చిపోతే మనకి బెంజ్ సర్కిల్ దగ్గర చలానా రాస్తారు, వాళ్లకి ఎవరు రాస్తారు? కొన్ని రోజుల్లో సరిచేశారు, కాదనను. ఈలోపు ఫ్యాక్టరీ రీసెట్ కొట్టినవాళ్లు ఇంకా ఇరుక్కున్నారు. రీసెట్ చేయకండి బాబోయ్ అని గూగుల్ మొత్తుకోవాల్సి వచ్చింది.

ఇంకోటి వినండి. సోనోస్ అనే స్పీకర్ల కంపెనీకీ గూగుల్‌కీ మధ్య అమెరికాలో పేటెంట్ల కొట్లాట. 2022 జనవరిలో అక్కడి ట్రేడ్ కమిషన్ సోనోస్ వైపు తీర్పిచ్చింది. వెంటనే గూగుల్ ఏం చేసింది? నాలుగు స్పీకర్లని గ్రూపుగా పెట్టుకున్నవాళ్లకి అన్నిటి వాల్యూమ్ ఒకేసారి మార్చే సౌకర్యం పీకేసింది. ఒక్కో స్పీకర్‌కి విడివిడిగా మార్చుకోండి అంది. కొన్నప్పుడు ఉన్న ఫీచర్ కొన్నాక పోయింది. ఫ్రిజ్ కంపెనీ వాడు అర్ధరాత్రి వచ్చి ఫ్రీజర్ డోరు ఊడదీసుకుపోతే ఊరుకుంటామా? స్పీకర్ దగ్గరికొచ్చేసరికి "అప్‌డేట్ వచ్చింది బ్రో" అని ఊరుకుంటున్నాం.

ఇప్పుడు నా థియరీ. దీనికి మళ్లీ తిడతారు, తిట్టండి. ఈ చిల్లు దానంతట అది పోలేదు. పూడ్చేశారు. వరసగా చూడండి. 2016లో ఐఫోన్ 7 నుంచి ఇయర్‌ఫోన్ హోల్ తీసేశారు. తర్వాత ఒక్కో ఆండ్రాయిడ్ కంపెనీ అదే బాట. క్రోమ్‌కాస్ట్ ఆడియో అని చిన్న బిళ్ల ఉండేది, 2015లో 35 డాలర్లకి వచ్చింది. దాని పనే మీ పాత ఆంప్లిఫయర్‌కి పిన్నుతో తగిలి దాన్ని వైఫై సెట్టు చేయడం. ఇలాంటి మంచి వస్తువు ఇంకోటి రాలేదని నా అభిప్రాయం. 2019 జనవరికల్లా తయారీ ఆపేశారు. గూగుల్ చిన్న స్పీకర్లు, హోమ్ మినీ, నెస్ట్ మినీ, వీటికి మొదట్నుంచీ ఆక్స్ హోల్ లేదు. అమెజాన్ వాళ్ల చిన్న స్పీకర్ ఎకో డాట్‌కి నాలుగో జనరేషన్ దాకా ఉంది. హాయిగా మన హోమ్ థియేటర్‌కి తగిలించుకునేవాళ్లం. 2022లో వచ్చిన ఐదో జనరేషన్‌లో అదీ పోయింది.

ఖర్చు తగ్గించడానికి అంటారా? ఆ పార్టు ఖరీదు ఎంతండీ, చిల్లర! చోటు చాలలేదు అంటారా? బంతిలా ఉండే అంత డాట్‌లో ఒక పిన్ను పట్టే చోటు లేదా? అసలు సంగతి ఏంటంటే, చిల్లు ఉంటే మీకు వాళ్లతో పని ఉండదు. కొత్త మోడల్ వచ్చినా మీరు కొనరు. మీరు వాళ్ల అకౌంటు, వాళ్ల యాప్, వాళ్ల సబ్‌స్క్రిప్షన్ గుండా వెళ్లకుండా ఒక్క పాట కూడా మీ హాల్లో వినపడకూడదు. అందుకే పూడ్చారు. ప్రూఫ్ చూపించమంటారా? ఇంజనీరు వచ్చి ఒప్పుకోడు కదండీ. వరస చూడండి, చాలు.

సరే, వాయిస్ అసిస్టెంట్ సంగతి. దాన్ని నిద్ర లేపే పేరు నేను చెప్పను. చెప్తే ఈ వీడియో చూస్తున్న మీ ఇంట్లో అది లేచి "సారీ" అంటుంది. మా ఇంట్లో ఒకటి ఉంది, ఏ కంపెనీదో వద్దులెండి. పొద్దున్నే మా అమ్మ వంటింట్లో ఉంటుంది. చేతులకి ఇడ్లీ పిండి, గరిట అలాగే పట్టుకుని డబ్బా వైపు తిరిగి, "ఘంటసాల గారి భక్తి పాటలు పెట్టమ్మా" అంటుంది. గారు, అమ్మా, అంత మర్యాద! డబ్బా ఇంగ్లీషులో అర్థం కాలేదంటుంది. అప్పుడు అమ్మ గొంతు సవరించుకుని, స్కూల్లో పద్యం అప్పజెప్పినట్టు, "ప్లే... ఘంటసాల... డివోషనల్... సాంగ్స్" అంటుంది. అప్పుడు వస్తుంది. ఏం వస్తుంది? ఎవరో కుర్రాడు పాడిన కవర్ వెర్షన్, వెనకాల డ్రమ్స్. అది రెండు చరణాలు అయ్యేలోపు లోన్ యాప్ యాడ్. దేవుడి పాటకీ లోన్ యాప్ యాడ్‌కీ మధ్య గ్యాప్ కూడా ఉండదు, అమ్మ రెండిటికీ దణ్ణం పెట్టేస్తోంది.

ఎకో మన దేశానికి 2017లో వచ్చింది. 2019లో హిందీ నేర్చుకుంది. గూగుల్ స్పీకర్లు 2018లో వచ్చాయి. ఫోన్లో అసిస్టెంట్‌తో తెలుగులో మాట్లాడొచ్చు. స్పీకర్ దగ్గరికొచ్చేసరికి మా ఇంట్లో సెట్టింగ్స్‌లో కనపడేవి ఇంగ్లీషు, హిందీ. తెలుగు పాట కావాలన్నా ఇంగ్లీషులో అడుక్కోవాలి.

అడిగాక ఏం జరుగుతుందో తెలుసా? పేరు పిలిచింది మాత్రమే డబ్బా సొంతంగా గుర్తుపడుతుంది. ఆ తర్వాత మీరన్న మాట రికార్డయి ఇంటర్నెట్ మీదుగా ఎక్కడో ఉన్న సర్వర్లకి పోతుంది. అక్కడ మాటని అక్షరాలు చేసి, అర్థం వెతికి, పాట వెతికి, మళ్లీ వెనక్కి పంపాలి. ఇదంతా దేనికండీ? వంటింట్లోంచి హాల్లోకి వచ్చి బటన్ నొక్కకుండా ఉండటానికి! మధ్యలో కరెంటు పోయిందనుకోండి. మేలో మనకి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. కరెంటు వచ్చినా రౌటర్ తేరుకోవడానికి టైం పడుతుంది. ఈలోపు మీరు పలకరిస్తే ఇంటర్నెట్‌తో కనెక్ట్ అవ్వలేకపోతున్నానని ఇంగ్లీషులో దీర్ఘం తీస్తుంది.

2024 సెప్టెంబరులో మన విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లలో నీళ్లు, కరెంటు లేదు, ఫోన్‌లో సిగ్నల్ లేదు. అటు కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులు, రికార్డు. బయట ఏం జరుగుతోందో మేడ మీద కూర్చున్నవాళ్లకి తెలియని రోజులవి. ఆ టైంలో బ్యాటరీ రేడియో ఉన్న ఇల్లు, స్మార్ట్ స్పీకర్ ఉన్న ఇల్లు, ఏది తెలివైనదో మీరే చెప్పండి. మన విజయవాడ రేడియో స్టేషన్ 1948 డిసెంబరు 1న మొదలైంది. అప్పట్నుంచి ఎన్ని తరాలు భక్తిరంజని విన్నాయో, ఒక్కళ్లని కూడా ఆ రేడియో పాస్‌వర్డ్ అడగలేదు. సర్లెండి, రేడియో మొదలెడితే నేను ఆగను.

బ్లూటూత్ ఉందిగా అంటారు. ఉంది. బోస్ వాళ్లు కూడా ఉందన్నారు. బ్లూటూత్‌లో మీ ఫోనే పాటని పిండి పంపుతుంది. ఆ పిండే పద్ధతిని కోడెక్ అంటారు. మామూలు ఎస్‌బీసీ కోడెక్ అయితే మహా అంటే సెకనుకి 328 కిలోబిట్లు, సీడీలో ఉండేది 1411. తేడా చెవికి తెలుస్తుందని పందెం కాసేవాళ్లలో చాలామంది ఓడిపోతారు, ఆ గొడవ నాకొద్దు. నా గొడవ వేరే. పాటతో పాటు ఫోన్ మొత్తం స్పీకర్‌లోకి వచ్చేస్తుంది.

గుంటూరు బ్రాడీపేటలో మా పిన్ని వాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం. బాబాయ్ ఫోన్లోంచి బ్లూటూత్ స్పీకర్‌కి నాదస్వరం పెట్టారు. పంతులుగారు కథ చెబుతున్నారు, షావుకారు పడవ దగ్గరికి వచ్చాడు. ఫోన్ మోగింది. పేరు చదివే సెట్టింగ్ ఆన్‌లో ఉంది. ఇల్లంతా దద్దరిల్లేలా స్పీకర్ చదివింది, "కాల్ ఫ్రమ్ చీటీ డబ్బులు ఎత్తకు" అని! బాబాయ్ ఆ పేరుతోనే సేవ్ చేసుకున్నారు మరి. ఆ చీటీ ఆయన కూడా పీటల పక్కనే కూర్చుని ఉన్నారు. ప్రసాదానికి ఆగలేదు ఆయన.

వైఫై కాస్టింగ్‌లో ఈ బాధ లేదు, నిజమే. అక్కడ స్పీకర్ నేరుగా ఇంటర్నెట్ నుంచి పాట తెచ్చుకుంటుంది, ఫోన్ ఉట్టి రిమోట్. కానీ మన అపార్ట్‌మెంట్లు చూశారా? పటమటలో ఏ ఫ్లాటులోనైనా వైఫై లిస్టు తీస్తే పెళ్లి పిలుపుల జాబితా అంత ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడని చానళ్లు మూడే, 1, 6, 11. అందరూ ఆ మూడింట్లోనే తోసుకోవాలి. స్లాబులో ఇనుము, గోడలో ఇనుము. పాట ఆగి ఆగి వస్తే స్పీకర్‌ని తిట్టకండి, 5 గిగాహెర్ట్జ్‌కి మార్చి రౌటర్‌ని చెప్పుల స్టాండు వెనకనుంచి బయటికి తీయండి.

మరి ఏం చేయమంటావ్ అంటారా? మెదడు వేరుగా, గొంతు వేరుగా కొనండి. గొంతు అంటే ఆంప్లిఫయర్, రెండు బాక్సులు. అటక మీద నాన్నగారి పాత సెట్టు ఉంటే దించండి. గవర్నర్‌పేటలో ఆంప్లిఫయర్ రిపేరు చేసే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. ఆయన మూత తీసి, ఉబ్బిన కెపాసిటర్లు చూసి, వాల్యూమ్ నాబ్ తిప్పి ఆ గరగర విని, క్లీనర్ కొట్టి, బాక్సు చుట్టూ ఫోమ్ పొడిపొడిగా రాలుతుంటే కోన్ మార్చాలా ఫోమ్ మారిస్తే చాలా చెప్తాడు. ఇవన్నీ మార్చగలిగే పార్టులు. ఏ సర్టిఫికెట్టూ ఎక్స్‌పైర్ అవదు. మెదడు అంటే ఆక్స్ హోల్ ఉన్న ఏదైనా బిళ్ల. పాత ఎకో డాట్ అయినా సరే, బ్లూటూత్ రిసీవర్ అయినా సరే, పిన్ను ఉన్న పాత ఫోన్ అయినా సరే. కంపెనీ సపోర్ట్ ఆపిన రోజు బిళ్ల తీసి పారేసి ఇంకోటి గుచ్చుతారు. బాక్సులు అక్కడే ఉంటాయి.

కళ్లు కనపడనివాళ్లకి, మంచం దిగలేని పెద్దవాళ్లకి వాయిస్ అసిస్టెంట్ నిజంగా పనికొస్తుంది. వాళ్ల విషయంలో ఒక్క మాట కూడా అనను. వాళ్లకి అమ్మే డబ్బాకైనా ఒక చిల్లు పెట్టి చావచ్చుగా అంటున్నా!

పోయిన వీడియో కింద ఒకరు మంచి ప్రశ్న అడిగారు: "అన్నా, నా టీవీకీ ఆక్స్ లేదు, అదీ అద్దెదేనా?" టీవీ వెనక ఆప్టికల్ అని, అంటే సౌండ్‌ని వెలుగు రూపంలో బయటికి పంపే హోల్, ఉంటే బెంగ లేదు. ఆప్టికల్‌ని ఆక్స్‌కి మార్చే చిన్న కన్వర్టర్ బాక్సు దొరుకుతుంది, దాంతో పాత ఆంప్‌కి తగిలించుకోవచ్చు. టీవీ సెట్టింగ్స్‌లో ఆడియో అవుట్‌పుట్ పీసీఎం అని పెట్టడం మర్చిపోకండి, లేకపోతే సౌండ్ రాకపోవచ్చు. మీ స్పీకర్ వెనక ఏయే హోల్స్ ఉన్నాయో, ఏ మోడలో, ఏ సంవత్సరంలో కొన్నారో కామెంట్‌లో రాయండి. చిల్లు లేనివాళ్లు నన్ను తిట్టే ముందు మోడల్ పేరు రాసి తిట్టండి, లిస్టు తయారుచేస్తున్నా.