పట్టుచీర ఖరీదు చేసే చలి డ్రెస్సు | స్టాక్‌హోంలో మా పొద్దుటి హడావిడి

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? ఈ వీడియో నిజానికి మా పెద్దమ్మ కోసం. ఫోన్ చేసినప్పుడల్లా ఆవిడది ఒకటే ప్రశ్న: "మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆఫీసుకి పోతే అంత చిన్నపిల్లని ఎవరు చూస్తారే?" నోటితో ఎంత చెప్పినా ఆవిడకి నమ్మకం కుదరడం లేదు. అందుకే ఇవాళ కెమెరా పట్టుకున్నాను. మిగతావాళ్ళు కూడా చివరిదాకా చూడండి, యూట్యూబ్ ఇచ్చే నాలుగు డబ్బులు పాప మేజోళ్ళకైనా వస్తాయి. మేజోళ్ళని ఊరికే అనలేదు. ఇక్కడ స్వీడన్‌లో ఉన్ని మేజోళ్ళు ఒక జత 100 క్రోనర్లు, అంటే మన 900 రూపాయలు. క్రోనాకి 9 రూపాయలు వేసుకోండి, వీడియో అంతా అదే లెక్క.

మేముండేది స్టాక్‌హోంలో షిస్టా వైపు. ఎరిక్సన్ అనే టెలికాం కంపెనీ ఆఫీసులుండే ఏరియా, అందుకని మనవాళ్ళు బాగానే కనిపిస్తారు. శనివారం మాల్‌కి వెళ్తే తెలుగు చెవిన పడకుండా బయటికి రాలేం. ఇప్పుడు టైమ్ ఆరున్నర. కిటికీలోంచి చూడండి, ఏమీ కనపడదు. నవంబరు ఆఖరు కదా, ఎనిమిది దాటితే గానీ తెల్లారదు, మధ్యాహ్నం మూడింటికి మళ్ళీ చీకటి. మధ్యలో వచ్చే ఆ కాస్త వెలుతురూ వాన ముసురే.

టిఫిన్ సంగతి చూపించను, అందరిళ్ళలో ఉండేదే. పాలు, రెండు ముద్దలు, మూడో ముద్దకి పరుగు. దాంతోపాటు డి విటమిన్ చుక్కలు. ఎండ లేని దేశం కాబట్టి రెండేళ్ళ దాకా పిల్లలందరికీ వేయమంటారు, మన ఒంటిరంగు వాళ్ళకైతే ఇంకొన్నాళ్ళు కొనసాగించమంటారు.

అసలు కథ ఇదిగో, ఈ గుమ్మం దగ్గర. ఇవి మా పాప కొక్కేలు. మావి రెండే, దానివి తొమ్మిది.

ముందు ఒంటికి అంటుకునే ఉన్ని బనియను, ఉన్ని ప్యాంటు. కాటన్ వద్దంటారు, చెమట పట్టి తడిస్తే అదే చలి పుట్టిస్తుందట. దాని మీద ఫ్లీస్, అంటే మెత్తటి స్వెట్టరు లాంటిది. దాని మీద జాకెట్టు. వానైతే కింద గాలోన్ ప్యాంటు, అంటే నీళ్ళు దిగని సాగే ప్యాంటు, భుజాల మీదుగా పట్టీలుంటాయి. మా అమ్మ దీన్ని రెయిన్‌కోటు లాగు అంటుంది. కొంచెం దగ్గరగా చూపిస్తాను. ప్యాంటు అంచున ఈ రబ్బరు పట్టీ చూశారా? ముందు బూటు తొడిగి, ప్యాంటు కాలుని బూటు బయటికి వదిలి, ఈ పట్టీని మడమ కింద నుంచి లాగాలి. అప్పుడు బురదగుంటలో మోకాలి దాకా దిగినా బూటులోకి చుక్క పోదు. పట్టీ తెగిందా, ఆ రోజు రెండు జతల మేజోళ్ళు గోవిందా. అందుకే స్పేర్ పట్టీలు విడిగా అమ్ముతారు, నా హ్యాండ్‌బ్యాగులో బొట్టుబిళ్ళల ప్యాకెట్టు పక్కనే ఉంటాయి.

ఇప్పుడు పాప చేసేది చూడండి. జాకెట్టుని నేల మీద వెల్లకిలా పరిచింది, జిప్పు తీసి. టోపీ దాని కాళ్ళ వైపు ఉంది. వంగి, రెండు చేతులూ దూర్చి, ఒక్క ఊపున తల మీదుగా వెనక్కి... అయిపోయింది! ఎవరి సాయమూ లేదు. ఇది వాళ్ళ టీచర్లు నేర్పిన పద్ధతి. పదిహేనుమంది పిల్లలకి రోజుకి రెండుసార్లు తొడగాలంటే టీచర్ల నడుములు ఉండొద్దూ మరి! నేనైతే మూడో క్లాసు దాకా జడ కూడా అమ్మ చేతే వేయించుకున్నాను.

రేట్ల దగ్గరికి వద్దాం, కామెంట్లలో అందరూ అడిగేది అదే. గాలోన్ ప్యాంటు 400 క్రోనర్లు, మన 3,600. ఉన్ని జత 500, అంటే 4,500. మంచు పడ్డాక వేసే ఓవరాల్, తల నుంచి పాదం దాకా ఒకటే డ్రెస్సు, కాస్త పేరున్న కంపెనీదైతే కొత్తది 1,500. పదమూడు వేల ఐదొందలు! ఆ డబ్బుకి మంచి పట్టుచీర వస్తుంది, నేను ఇరవై ఏళ్ళు కట్టుకుంటాను. ఇదేమో వచ్చే చలికాలానికి పొట్టి. అందుకని ఇక్కడ డబ్బున్నవాళ్ళు కూడా సిగ్గుపడకుండా సెకండ్ హ్యాండ్ కొంటారు. బ్లొకెట్ అని సైటు ఉంది, అందులో ఈ ఓవరాల్ 500కే దొరికింది. లోపల లేబుల్ చూడండి: ఒక పేరు రాసి కొట్టేశారు, దాని కింద ఇంకో పేరు, అదీ కొట్టేశారు, ఇప్పుడు మా పాప పేరు. మా అత్తయ్య ఏమంటారోనని చూశాను. "పసిపిల్లలకి నలుగురు పిల్లలు తొడిగి విడిచిన బట్టలేస్తే మంచిదే" అన్నారు. నిజమే, మనకి కొత్తేం కాదుగా.

పేరంటే గుర్తొచ్చింది. ఇక్కడ ప్రతి వస్తువు మీదా పేరుండాలి, చేతి తొడుగులు, బూటు, పాలపీకతో సహా. ఆన్‌లైన్‌లో పేరు స్టిక్కర్లు ఆర్డర్ చేస్తాం. మిగతా పిల్లలవన్నీ ఎల్సా, నిల్స్, మాయా. మా పాప పేరులో ఇంటిపేరు, మధ్యలో సుబ్రహ్మణ్యేశ్వరస్వామి మొక్కు తాలూకు నాగ, చివర దేవి. ఆ స్టిక్కర్లో పట్టదు. చివరికి అందరూ పిలిచే ముద్దుపేరు వేయించాం. మా మావయ్యగారికి ఇప్పటికీ ఆ కోపం పోలేదు.

సరే, బయల్దేరదాం. ఇది స్ట్రాలర్, పిల్లని తోసుకెళ్ళే బండి. కొత్తది 9,000 క్రోనర్లు. ఎనభై ఒక్క వేలని చెప్పగానే మా నాన్న "స్కూటీ కొన్నారా అమ్మా?" అన్నారు. కానీ ఒక లాభం ఉంది నాన్నా. స్టాక్‌హోం సిటీ బస్సులో పిల్లని బండిలో కూర్చోబెట్టి తీసుకెళ్తే తోసేవాళ్ళకి టికెట్టు లేదు. మధ్య తలుపు దగ్గర బస్సు ఒంగుతుంది, ఎక్కి, బండికి బ్రేకు వేసి నిలబడడమే. మామూలుగా ఒక టికెట్టు 40 క్రోనర్ల పైనే. మెట్రోలో మాత్రం ఈ ఉచితం లేదు, కన్ఫ్యూజ్ అవ్వకండి. బండికి వేలాడే ఈ వెండిరంగు బిళ్ళలు అలంకారం కాదు, చీకట్లో కార్ల లైటు పడితే మెరుస్తాయి. పిల్లల మీద, కుక్కల మీద, ముసలివాళ్ళ కర్రల మీద కూడా ఇవే.

ఇదే ఫోర్‌స్కూలా, అంటే చిన్నపిల్లల బడి. లోపల షూట్ చేయకూడదు, పిల్లలుంటారు కదా, అందుకని గేటు బయటి నుంచే చెబుతాను. ఏడాది నిండితే చేర్చుకోవచ్చు. దరఖాస్తు పెట్టిన 4 నెలల్లో సీటు చూపించాల్సిన బాధ్యత మునిసిపాలిటీది. ఫీజు ఇంటి ఆదాయంలో 3 శాతం, అదీ ఒక పరిమితి దాటదు. మాకు నెలకి సుమారు 1,700, మన పదిహేను వేలు, భోజనంతో కలిపి. హైదరాబాదులో మా చెల్లెలు డేకేర్‌కి ఇంతకన్నా ఎక్కువే కడుతోంది. లంచ్ బాక్సు గొడవ లేదు. పదకొండింటికే వేడిగా పెట్టేస్తారు. మా పిల్ల బంగాళాదుంపలు, కరకరలాడే రొట్టె తిని వచ్చి, ఇంట్లో పప్పన్నం చూసి మొహం తిప్పుతుంది. దాని సంగతి ఇంకో వీడియోలో ఏడుస్తాను.

లోపల నాకు అన్నిటికంటే నచ్చింది ఒకటుంది: బట్టలారబెట్టే బీరువా. మనిషి ఎత్తున, తలుపులతో, లోపల చువ్వలు, వెచ్చటి గాలి. పొద్దున బురదలో పొర్లిన ప్యాంట్లు, తడిసిన చేతితొడుగులు దాంట్లో తగిలిస్తే మధ్యాహ్నం మళ్ళీ బయటికెళ్ళే వేళకి కరకరా ఎండిపోతాయి. ఇది లేకపోతే ఈ దేశంలో చిన్నపిల్లల బడి నడవదు. ఎందుకంటే వాన, చలి, ఏదైనా సరే రోజూ బయట ఆడాల్సిందే. చాలా బడుల్లో మధ్యాహ్నం నిద్ర కూడా బయటే, బండ్లలో, వరసగా.

ఈ బయట నిద్ర దగ్గరే మా అమ్మతో పెద్ద యుద్ధం. కిందటేడు విజిటర్ వీసా మీద వచ్చింది. సున్నా డిగ్రీల్లో పిల్లలు బండ్లలో నిద్రపోతుంటే కంచె దగ్గర నిలబడి "వీళ్ళకి అమ్మలు లేరా?" అని గట్టిగానే అంది. తెలుగు కాబట్టి బతికిపోయాం. తర్వాత బడివాళ్ళు చలికాలం లిస్టు ఇచ్చారు. అందులో మొదటి వస్తువు ఏంటో తెలుసా? మెడతో సహా కప్పే, మొహం మాత్రమే కనిపించే ఉన్ని టోపీ. మంకీ క్యాప్! నేను వద్దంటున్నా అమ్మ సూట్‌కేసులో తెచ్చింది, ఎర్రది. ఇక్కడ షాపులో అదే 250 క్రోనర్లు. టీచర్ దాన్ని చూసి చాలా మంచిదని మెచ్చుకుంటే, మా అమ్మ ఆ వారమంతా ఊళ్ళో అందరికీ ఫోన్లు చేసి చెప్పింది.

ఇక పెద్దమ్మా, నీ అసలు ప్రశ్న. పిల్లకి ఏడాదిన్నర వచ్చేదాకా చూసింది మేమే. ఒక్కో బిడ్డకి ఇద్దరికీ కలిపి 480 రోజుల లీవు, అందులో 90 రోజులు తండ్రివి, ఆయన వాడకపోతే పోతాయి, తల్లికి రావు. మీ అల్లుడు ఆరేడు నెలలు ఇంట్లో ఉండి డైపర్లు మార్చారు. మా అత్తయ్యగారైతే "ఉద్యోగం పోయిందా, మాతో దాస్తున్నారా?" అని రహస్యంగా నాకు ఫోన్ చేశారు. మావయ్యగారు ఇరుగుపొరుగుకి వర్క్ ఫ్రమ్ హోమ్ అని చెప్పుకొచ్చారు.

పిల్లకి జ్వరమొస్తే దానికి వేరే సెలవు ఉంది, వాబ్ అంటారు. ఒక్కో బిడ్డకి ఏడాదికి 120 రోజుల దాకా, ప్రభుత్వమే జీతంలో 80 శాతానికి కాస్త తక్కువ ఇస్తుంది, దానికీ పరిమితి ఉందనుకోండి. ఫిబ్రవరిలో పిల్లలందరికీ జలుబులే కాబట్టి ఆ నెలని వాబ్రువరీ అని నవ్వుకుంటారు. మా మేనేజరు పొద్దున్నే ఒక్క ముక్క మెసేజ్ పెడతాడు, "ఇవాళ వాబ్". సారీ లేదు, వివరణ లేదు. నాకు అదే మెసేజ్ పెట్టడం చాలాకాలం చేత కాలేదు, పక్కనే నాలుగు లైన్ల సంజాయిషీ రాసేదాన్ని.

2024 జూలై నుంచి ఇంకో రూల్ వచ్చింది. తల్లీ తండ్రీ తమ లీవులోంచి ఒక్కొక్కరు 45 రోజుల దాకా వేరేవాళ్ళకి ఇవ్వొచ్చు, డబ్బుతో సహా. అమ్మమ్మ, నానమ్మ, ఎవరికైనా. వార్త చూడగానే అమ్మకి ఫోన్ చేశాను, తర్వాత మొత్తం చదివాను. ఆ మనిషి ఇక్కడి ప్రభుత్వ బీమా వ్యవస్థలో ఉండాలట. మా పక్కింటి పాపకి గురువారం గురువారం వాళ్ళ అమ్మమ్మ వస్తుంది, ఉన్ని టోపీ అల్లి తెస్తుంది. మా పాప కిటికీ దగ్గర నిలబడి ఆవిడకి చెయ్యి ఊపుతుంది.

అయ్యో, టైమ్ చూడలేదు. పన్నెండింటికి లాండ్రీ బుక్ చేశాను. అపార్ట్‌మెంట్లో ఎవరికీ విడిగా మెషీన్ ఉండాల్సిన పని లేదు, కింద అందరికీ కలిపి ఒక గది, టైమ్ బుక్ చేసుకుని ఉతుక్కోవాలి. బురద పిల్ల ఉన్న ఇంట్లో ఈ స్లాట్ తత్కాల్ టికెట్టు కంటే విలువైనది. మీకు పాప గదిలోని అల్మారా చూపిద్దామనుకున్నాను, ఆఫీసు డెస్కు చూపిద్దామనుకున్నాను, అవేవీ అవలేదు. రెండున్నరకి ఒక మీటింగుంది, నాలుగింటికి పికప్. నా తర్వాతి స్లాట్ మూడో అంతస్తు పెద్దాయనది, అయిదు నిమిషాలు ఆలస్యమైతే తలుపు మీద కాగితం అంటిస్తాడు, అదీ చాలా మర్యాదగా, ఎర్ర ఇంకుతో. పరుగెత్తాలి, ఉంటానండీ. మంకీ క్యాప్ లింకు అడగొద్దు, అది మా ఊరి సంతలోది, 120 రూపాయలు.