మీటరు ఎవరి చేతిలో ఉంది?

పాత్రికేయ మిత్రులారా,

వరద వస్తే గోదావరి గట్టు మీద నిలబడి మనమే చూసుకోవచ్చు. రేడియేషన్‌కు రంగూ వాసనా లేవు. దాన్ని కొలిచే మీటరు ఉన్నవాడి మాటే ఆధారం. ఆ మాట తడబడితే ఏమవుతుందో 1979లో అమెరికాలోని పెన్సిల్వేనియా చవిచూసింది.

మార్చి 28 తెల్లవారుజామున త్రీ మైల్ ఐలాండ్ అణువిద్యుత్ కేంద్రంలో రెండో రియాక్టరు దెబ్బతింది. పొద్దున లెఫ్టినెంట్ గవర్నర్ స్క్రాంటన్ అంతా అదుపులోనే ఉందన్నారు. కంపెనీ తమకు చెప్పినదానికంటే పరిస్థితి జటిలమని అదే రోజు మళ్లీ ఆయనే చెప్పవలసి వచ్చింది. ఒప్పుకోవడం ఆయన నిజాయితీయే. వినేవాళ్లకు మాత్రం పొద్దుటి మాట అబద్ధమై మిగిలింది.

30న ఇంకో తడబాటు. కేంద్రంలోని వాయువులు బయటికి పోయే గొట్టానికి సరిగ్గా పైన, హెలికాప్టర్ నుంచి కొలిచిన 1,200 మిల్లీరెమ్‌ల (రెమ్ అంటే రేడియేషన్ మోతాదు కొలమానం) అంకెను వాషింగ్టన్ అధికారులు కేంద్రం ప్రహరీ బయటి అంకెగా పొరబడ్డారు. ఆ గందరగోళం మధ్య గవర్నర్ థార్న్‌బర్గ్ 5 మైళ్ల లోపలి గర్భిణులను, బడి ఈడు రాని పిల్లలను వెళ్లిపొమ్మని సలహా ఇచ్చారు. అలాంటివారు కొన్ని వేలమందే. ఊళ్లు విడిచినవారు సుమారు 1,40,000 మంది! దీన్ని పిచ్చి భయమంటే నేను ఒప్పుకోను. భార్యకు చెడు చేసే గాలి పక్కనున్న భర్తకు మంచిదెలా అవుతుంది?

మర్నాడు రియాక్టరులోని హైడ్రోజన్ బుడగ పేలవచ్చన్న వార్త గుప్పుమంది. నిజానికి పేలడానికి కావలసిన ఆక్సిజన్ లోపల లేదు. తిట్లన్నీ పత్రికలకే పడ్డాయి. కానీ ఆ అనుమానం పుట్టింది అణు నియంత్రణ సంస్థలోనే. విలేకరి కల్పించింది కాదు. రెమ్‌కూ మిల్లీరెమ్‌కూ వెయ్యి రెట్ల తేడా అని తెలియకుండా రాసినవారు లేకపోలేదు, అది మన వృత్తి సిగ్గుపడవలసిన సంగతే. అయితే చెప్పేవాడే తికమకపడుతుంటే రాసేవాడు ఏం తేటగా రాస్తాడు?

ఏడాది తర్వాత, రియాక్టరు భవనం లోపల మిగిలిన రేడియోధార్మిక క్రిప్టాన్ వాయువును గాలిలోకి వదలాలన్నారు. మిడిల్‌టౌన్ సభలో జనం అధికారులపై మండిపడ్డారు. ప్రమాదం లేదన్న మాట ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కలేదు. అప్పుడు చుట్టుపక్కల ఊళ్ల నుంచి మామూలు మనుషులను పిలిచి, కొలవడం నేర్పి, పరికరాలు వారికే అప్పగించారు. 1980 జూన్ చివర నుంచి రెండు వారాలు వాయువు బయటికి పోతుంటే, ఊరివాళ్లు తమ ఊరి గాలిని తామే కొలుచుకున్నారు.