ఆ మూడు సెకన్లు
రాయగడలో విశ్వకర్మ పూజ రోజు తెలుగువారి సభలో ఒక విశ్రాంత పైపు మిల్లు ఇన్‌స్పెక్టర్ చేసిన ప్రసంగ పాఠం

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు, తలుపు దగ్గర నిలబడి ఎప్పుడు బయటపడదామా అని చూస్తున్న ఐటీఐ పిల్లలకు నమస్కారం. తెలుగు రాకపోయినా మన మీద అభిమానంతో వచ్చిన ఒడియా మిత్రులకు రెండు నమస్కారాలు. పందిరి వేసినవారికి, ప్రసాదం వండినవారికి, మైకు పెట్టినవారికి, చందా ఇచ్చినవారికి, ఇస్తానని ఇంకా ఇవ్వనివారికి కూడా. పేర్లు చదవమని కార్యదర్శిగారు చీటీ ఇచ్చారు. చదివితే నా సమయం అయిపోతుంది. నాకిచ్చింది పదిహేను నిమిషాలు, అందులో సగం నాకు ముందు మాట్లాడినవారే వాడుకున్నారు.

అధ్యక్షులవారు నన్ను పైపుల శాస్త్రజ్ఞుడు అన్నారు. అంత పెద్ద మాట వద్దు. పైపు మిల్లులో తనిఖీ ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. మంచి పైపును మంచిదనీ చెడ్డ పైపును చెడ్డదనీ చెప్పడమే నా పని. మొదటిది చెప్పినప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. రెండోది చెప్పినప్పుడల్లా గొడవే.

మన రాయగడ చుట్టూ ఎటు చూసినా పైపులే కదా. జేకేపూర్ కాగితం మిల్లులో నీళ్లు, గుజ్జు, ఆవిరి పైపుల్లోనే నడుస్తాయి. ఉత్కళ్ అల్యూమినాలో బాక్సైట్‌ను కరిగించే వేడి కాస్టిక్ ద్రావణమూ పైపుల్లోనే తిరుగుతుంది. నాగావళి నుంచి నీళ్లు తోడి పొలాలకు ఎక్కించేదీ పైపే. మీలో సగం మంది వాటిని బిగించి, కోసి, అతికి బతుకుతున్నవారే. కానీ ఆ పైపు పుట్టేటప్పుడు ఎలా ఉంటుందో చూసినవారు ఎందరు? చేతులెత్తండి. చూశారా, రెండు చేతులు. అందుకే ఈ ప్రసంగం.

అధిక పీడనపు ఆవిరికి ఎక్కువగా అతుకు లేని పైపులు వాడతారు. ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మెను నడిమికి పొడిచి, సాగదీసి చేస్తారు. దాని కథ వేరు. నేను చెప్పేది అతుకు పైపు గురించి. మనం రోజూ చూసే పైపుల్లో ఎక్కువ భాగం అదే.

ఇది కొత్త విద్య కాదు. 1825లో ఇంగ్లండులో కార్నీలియస్ వైట్‌హౌస్ అనే ఆయన, కాల్చిన ఇనుప పట్టీని గుండ్రటి రంధ్రంలోంచి లాగి అంచులు కలిపేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. వీధి దీపాలకు గ్యాసు పంచాలంటే మైళ్ల కొద్దీ గొట్టాలు కావాలి, ఆ అవసరం అలా తీరింది. ఆయన కాలంలో కొలిమి ఉంటే మన కాలంలో కరెంటు ఉంది. తేడా అంతే. నిజానికి అంతే కాదు, చెబుతాను.

ఉక్కు రేకు పెద్ద చుట్టగా మిల్లుకు వస్తుంది. దాన్ని కాయిల్ అంటాం. ఏ సైజు పైపు కావాలో లెక్కగట్టి, ఆ వెడల్పు పట్టీలుగా చీలుస్తారు. మీరు మూడంగుళాల పైపు అంటారే, దాని బయటి వ్యాసం 88.9 మిల్లీమీటర్లు. గోడ మందాన్ని బట్టి లైట్, మీడియం, హెవీ అని రకాలుంటాయి, మీడియం రకానికి మందం 4 మిల్లీమీటర్లు. దానికి పట్టీ వెడల్పు సుమారు 27 సెంటీమీటర్లు ఉండాలి. ఒక కాయిల్ తోకను ఇంకో కాయిల్ తలకు అతికి, లైను ఆగకుండా నడుపుతారు. వరుసగా నిలబెట్టిన రోలర్ల జతల మధ్యకు పట్టీ వెళుతుంది. ప్రతి జతా కొంచెం కొంచెంగా వంచుతుంది. మన పెద్దవాళ్లు పొగాకు చుట్ట చుట్టినట్టు, ఎక్కడా మడత పడకుండా గుండ్రం చేస్తుంది. చివరికి రెండు అంచులూ ఒకదానికొకటి ఎదురుగా వస్తాయి. మధ్యలో సన్నటి సందు.

ఆ సందు దగ్గరే అసలు కథ.

మన ఇళ్లలో కరెంటు సెకనుకు 50 సార్లు దిశ మారి, మళ్లీ మొదటికొస్తుంది. వెల్డింగు పెట్టెలో అది లక్షల సార్లు జరుగుతుంది, నాలుగు లక్షల దాకా పోతుంది. అంత వేగంగా అటూ ఇటూ ఊగే కరెంటు లోహం లోపలికి దిగదు. పైపైనే, అంచుల వెంటే పరుగెడుతుంది. దాంతో ఆ రెండు అంచులు మాత్రమే క్షణంలో తెల్లగా కాలి, కరిగే స్థితికి వచ్చేస్తాయి. వెంటనే పక్కల నుంచి రెండు రోలర్లు గట్టిగా నొక్కుతాయి. అంచులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఇక్కడ వెల్డింగు రాడ్డు లేదు, బయటి లోహం చుక్క కూడా లేదు. వేడి, నొక్కుడు, అంతే. కాలిన అంచు మీద పట్టిన తుప్పుపొర, మలినం ఆ నొక్కుడుకు బయటికి ఉబికి రావాలి. రాకపోతే అది అతుకు మధ్యలోనే ఉండిపోతుంది. పైకి అతికినట్టే ఉంటుంది, లోపల అతకదు. మిల్లులో దాన్ని చల్ల వెల్డు అంటాం. కంటికి కనిపించదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఉబికిన లోహం పైపు నెత్తిన గట్టులా నిలుస్తుంది. అది ఇంకా ఎర్రగా ఉండగానే ఒక ఉలి దాన్ని చెక్కేస్తుంది. చెక్కగా వచ్చేది పొడి కాదు, తెగకుండా వచ్చే పొడవాటి పేడు. నీలంగా మారి, బుసలు కొడుతూ మెలికలు తిరుగుతుంది. హెల్పరు కొక్కెంతో దాన్ని పక్కకు లాగుతుంటాడు. అనుభవం ఉన్న ఆపరేటరు మీటర్లు చూడడు, ఆ పేడును చూస్తాడు. పేడు వెడల్పు తగ్గినా, రంగు తేలినా, పుటుక్కున తెగినా అక్కడ వేడి సరిపోలేదని అర్థం.

మా మిల్లులో పలాస వైపు మనిషి ఒకాయన ఉండేవాడు. పేరు చెప్పను, మిల్లు పేరూ చెప్పను. ఆ పేడును ఆయన చూసినంత బాగా చూసిన మనిషిని నేను ఎరగను. వానాకాలం రాత్రి షిఫ్టు. దీపాలు ఒక్కసారి మసకబారి మళ్లీ వెలిగాయి. ఎంతసేపు? సెకను ఉంటుందేమో. లైను నిమిషానికి 30 మీటర్ల వేగంతో నడుస్తోంది. అంటే సెకనుకు అర మీటరు. అర మీటరు పొడవున అతుకు అతకలేదన్నమాట. ఆయన పేడు తెగడం చూశాడు, గంట కొట్టాడు, కొలిచి ఆ పైపునూ, ముందుదాన్నీ, వెనకదాన్నీ తెల్ల రంగుతో గీత గీసి పక్కన పెట్టించాడు. పుస్తకంలో టైము రాశాడు. చేయవలసింది అదే. అంతకు మించి ఎవరూ చేయలేరు.

తెల్లవారేసరికి గేటు దగ్గర లారీ నిలబడి ఉంది. సరుకులో మూడు పైపులు తక్కువ. కిరోసిన్ గుడ్డతో తెల్ల గీతలు తుడిచారు. మూడూ లారీ ఎక్కాయి. సరుకు మంచిదని నేను సంతకం పెట్టాల్సిన సర్టిఫికెట్ నా బల్ల మీదికి వచ్చింది.

నేను హైడ్రో టెస్టు చార్టు అడిగాను. ఇక్కడ ఆగి చెప్పాలి, ఐటీఐ బాబులూ, ఇది వినండి. నీళ్ల పైపుల మన ప్రమాణం ఐఎస్ 1239. ప్రతి పైపులోనూ నీళ్లు నింపి 5 మెగాపాస్కల్ ఒత్తిడి పెట్టాలి, కనీసం మూడు సెకన్లు పట్టి ఉంచాలి. 5 మెగాపాస్కల్ అంటే ఐదు వందల మీటర్ల ఎత్తు నీళ్లు నెత్తిన ఉన్నట్టు. ప్రతి పైపూ అంటే ప్రతి పైపూ, పదింటికి ఒకటి కాదు. ఆ చార్టు మీద ముల్లు పైకి లేచి, కాసేపు అడ్డంగా నడిచి, కిందికి దిగాలి. నాకు తెచ్చిన కాగితం మీద ముల్లు సూదిలా లేచి సూదిలా పడింది. అడ్డగీత లేదు. మూడు సెకన్లు ఏవి అని అడిగాను. పైపుకు మూడు సెకన్లు చొప్పున షిఫ్టు మొత్తం మీద ఎన్ని పైపులు నష్టమో మీకు తెలుసా అన్నారు. నేను సంతకం పెట్టలేదు. పక్క బల్ల మీద ఇంకొకరు పెట్టారు.

ఆ సరుకు ఒక ఎత్తిపోతల పథకానికి వెళ్లింది. పంపు మొదటిసారి వేసిన రోజే ఒక పైపు అతుకు వెంట చేతి పొడవున నోరు తెరిచింది. దేవుడి దయ, మనుషులకు ఏమీ కాలేదు. నారు పోసుకుని కూర్చున్న రైతులకు ఆ తడి దక్కలేదు.

మెమో ఎవరికి ఇచ్చారో చెప్పండి. గీతలు తుడిచినవాడికా? సంతకం పెట్టినవాడికా? గంట కొట్టినవాడికి! నీ షిఫ్టులో చెడ్డ పైపు ఎందుకు వచ్చింది అని. ఆ నెల భత్యం కోశారు. వోల్టేజి ఆయన దించాడా? ఆయన రాసిన పుస్తకం ఉంది, అందులో టైము ఉంది, ఎవరూ తెరవలేదు. ఈ సంగతి చెప్పినప్పుడల్లా మా ఇంట్లో వాళ్లు మళ్లీ మొదలుపెట్టావా అంటారు. పెడతాను. మైకు దొరికినప్పుడల్లా పెడతాను.

సరే, విషయానికి వస్తాను. అతుకు వెంటే ఎందుకు చీలింది? చల్ల వెల్డు ఉంది కాబట్టి, నిజమే. దానికి తోడు ఇంకో కారణం కూడా ఉంది. పైపులో నీటి ఒత్తిడి దాన్ని పొడుగునా చీల్చడానికి పెట్టే బలం, అడ్డంగా తెంచడానికి పెట్టే బలానికి రెట్టింపు. మన అతుకేమో పొడుగునే ఉంది. అంటే ఆ రెట్టింపు బలం నేరుగా పడేది, అన్నిటికంటే ఎక్కువ అనుమానం ఉన్న చోట. వ్యాసం పెరిగేకొద్దీ, మందం తగ్గేకొద్దీ ఆ బలం పెరుగుతుంది. సన్న పైపులో పెద్దగా తెలియని లోపం లావు పైపులో బయటపడేది అందుకే. అందుకే ఆ మూడు సెకన్లు.

అతుకు పక్క ఉక్కు గభాలున కాలి గభాలున చల్లారి పెళుసెక్కుతుంది. నూనె, గ్యాసు పంపే మేలు రకం పైపులకు ఆ గీత వెంట మళ్లీ 900 డిగ్రీలు దాటించి, మెల్లగా చల్లారనిస్తారు. తర్వాత సైజు రోలర్లు గుండ్రం సరిచేస్తాయి, పరుగెడుతున్న రంపం పైపుతో పాటే కదులుతూ కోస్తుంది, చివరలు చెక్కుతారు, అల్ట్రాసౌండు పంపి అతుకులో లోపాలు వెతుకుతారు. ఇవన్నీ ఒక్కొక్కటీ గంట పాఠం. వదిలేస్తున్నాను.

బాగా లావు పైపుల సంగతి రెండు ముక్కలు. పట్టీని ఏటవాలుగా తిప్పి, మెలికలా చుట్టి, ముందు లోపలా తర్వాత బయటా, అతుకు మీద కప్పిన పౌడరు కింద వెల్డు చేస్తారు. తిప్పే కోణం మారిస్తే ఒకే వెడల్పు పట్టీతో రకరకాల వ్యాసాలు చేయొచ్చు. మన ఒడిశాలోనే రూర్కెలా ఉక్కు కర్మాగారంలో పొడుగు అతుకు పైపుల ప్లాంటూ ఉంది, మెలిక అతుకు పైపుల ప్లాంటూ ఉంది. ఐటీఐ వారు పిల్లల్ని ఒకసారి అక్కడికి తీసుకెళ్లండి. ప్రిన్సిపాల్‌గారు తల ఊపుతున్నారు. ఊపితే చాలదు సార్, ఉత్తరం రాయాలి.

కాంట్రాక్టర్లకు ఒక మనవి, కోపగించుకోవద్దు. పైపు మీద పసుపు రంగు పట్టీ ఉంటే లైట్, నీలం ఉంటే మీడియం, ఎరుపు ఉంటే హెవీ. ఇది అందరికీ తెలుసు. నీలం పట్టీ వేయడానికి కావలసింది ఒక కుంచె మాత్రమే అన్న సంగతి కూడా తెలిసే ఉంటుంది. కాబట్టి మందం కొలిచే కాలిపర్ పట్టుకెళ్లండి. జింకు పూత వేస్తే బయట అతుకు కనిపించదు, పైపు నోట్లో వేలు పెట్టి చూడండి, గట్టు తగులుతుంది. ఊరి నీళ్ల పథకానికి కొనేటప్పుడు ఆర్డరులోనే రాయండి: హైడ్రో టెస్టు చార్టు నకలు కావాలని. సర్టిఫికెట్ కాదు, చార్టు. అడ్డగీత ఉందో లేదో మీరే చూడండి. పది మంది అడిగితే మిల్లులో గంట కొట్టేవాడికి ధైర్యం వస్తుంది. మిల్లుల్లో పనిచేస్తున్న బాబులూ, మీరు గంట కొడితే పుస్తకంలో టైము రాయండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి.

కార్యదర్శిగారు గడియారం చూపిస్తున్నారు. బయట, రెండు దవడల మధ్య పెట్టి నొక్కే వైస్ బిగించి పెట్టించాను, మూడంగుళాల పైపు ముక్కలు రెండు తెచ్చాను. ప్రసాదం తీసుకున్నాక రండి, నలిపి చూద్దాం. అతుకు వైస్ దవడలకు ఆనకూడదు, రెండు దవడల మధ్య ఖాళీ వైపు ఉండాలి. అలా పెట్టి నొక్కితేనే పూర్తి వంపు అతుకు మీద పడుతుంది. 89 మిల్లీమీటర్ల పైపు 67కు దిగేదాకా అతుకు పగలకూడదని రూలు. రెండిట్లో ఒకటి తప్పకుండా నిలబడుతుంది, అది నేను ఎంచుకుని తెచ్చినది. రెండోది నిన్న ఇక్కడి బజారులోనే కొన్నాను. అది 67కు ముందే నోరు తెరిస్తే దుకాణం ఏదని మైకులో అడగొద్దు, వైస్ దగ్గర అడగండి.